కరువు సీమ నుండి కడలి ఒడ్డుకు



ఈ పూట సముద్రమును గూర్చి, ఆ సముద్రపుటొడ్డున నిత్యకల్యాణముగా వెలుగుచుండే ఒక పట్టణమును గూర్చి మీతో ముచ్చటింపదలచినాను. గుంతకల్లున కూర్చుండి సముద్రము మాట ఎత్తుట ఏమని మీలో కొందరికి తోచవచ్చును. మన చుట్టూ ఉన్నది నల్లరేగడి, ఎర్రనేల, గుండ్లు పేర్చినట్లున్న గుట్టలు, చెనక్కాయ చేలు. ఏడాదికి అటూ ఇటుగా 550 మిల్లీమీటర్ల వాన. అదియును మబ్బు కరుణించిన ఏట. నీరు అన్న మాట వినగానే మనకు గుర్తుకు వచ్చేది తుంగభద్ర ఎగువ కాలువకు ఎన్నడు నీరు వదలుదురన్న చింతయే గాని, అంతులేని నీటి విస్తారము గాదు.

అయినను ఒక సంగతి ఆలోచించండి. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దములలో, తూర్పున బెజవాడ నుండి పడమట మర్మగోవా రేవు దాక దక్కను పీఠభూమిని అడ్డముగా దాటించి ఇనుపదారి వేసినప్పుడు, ఆ దారి మన గుంతకల్లు మీదుగానే పోయినది. నేటికిని తూర్పు తీరమున విశాఖపట్నమును పలకరించి వచ్చి, మన ప్లాట్‌ఫారము మీద కాసేపు నిలిచి, పడమటి తీరమున వాస్కోడగామాకు పోవు అమరావతి ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగానే నడచుచున్నది. రెండు సముద్రముల నడుమ, రెండింటికిని దూరముగా, రెండింటికిని తోవ చూపుచు ఉన్న ఊరు మనది. కనుక సముద్రమును గూర్చి మాట్లాడుటకు మనకును అధికారము కలదు.

నేను చెప్పదలచినది ఒక్క మాట. రేడియోలో విన్నదానిని వెనుకకు తిప్పి చదువుకొనుటకు వీలులేదు గనుక ముందే చెప్పెదను, నడుమ మరల చెప్పెదను. సముద్రతీర పట్టణమునకు కళ తెచ్చినది సముద్రము కాదు. సముద్రము ఎంతో దూరము పరచుకొని ఉన్నది. ఆ కళ మాత్రము కొన్ని చోట్లనే ఉన్నది. ఒడ్డు అందరిదిగా ఉన్నచోట, ఆ ఒడ్డును నిలబెట్టుటకు చెమటోడ్చిన మనుష్యులున్నచోట, ఆ కళ కనబడును.

నేను చెప్పుచున్న పట్టణము విశాఖపట్నము. పూర్వులు వాల్తేరు అని పిలిచి, ఆరోగ్యము కోసము, గాలి మార్పు కోసము పోయి నెలల తరబడి నిలిచిన చోటు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి కూర్చున్నచో డోను, నంద్యాల దాటి, నల్లమల అడవులలో దూరి, మార్కాపురము మీదుగా గుంటూరు చేరి, ఆపైన కృష్ణను, గోదావరిని దాటించి మనలను అక్కడ దించును. హగరి ఇసుకను, పెన్న ఇసుకను చూచి చూచి అలవాటుపడిన కన్నులకు రాజమహేంద్రవరము వద్ద గోదావరి వంతెన మీద బండి పోవుచున్నంతసేపు మాట పెగలదు. అది నదియే, సముద్రము ఇంకను ముందున్నది అని పిల్లలకు చెప్పినను వారు నమ్మరు.

బండి దిగగానే మొదట తెలియునది గాలి. మన వేసవి నలభై డిగ్రీలు దాటును గాని, ఆ వేడిమి పొడిగా ఉండి చెమటను పుట్టిన చోటనే ఆర్చివేయును. అక్కడ ఎండ మనకంటె తక్కువ. ఉక్క మాత్రము మనము ఎరుగనంత ఎక్కువ. చొక్కా వీపునకు అంటుకొనును. మధ్యాహ్నము వరకు, ఇంత దూరము వచ్చినది దీనికా అని అనిపించినను అనిపించవచ్చును. కాసేపు ఓపిక పట్టండి. పగలంతా ఎండకు నేల త్వరగా కాగును, నీరు మెల్లగా కాగును. కాగిన నేల మీది గాలి తేలికపడి పైకి లేవగా, ఆ చోటిలోనికి సముద్రము మీది చల్లని గాలి వచ్చి చేరును. పొద్దు వాలు వేళకు ఆ గాలి ఊరి వీథులన్నింటిలోనికి చొరబడును. అప్పుడు ఊరు ఊరంతయు ఒడ్డునకు బయలుదేరును.

రామకృష్ణ బీచి అని వారు పిలుచు ఆ తీరమున సాయంకాలము చూడవలసినదే. 1938లో అక్కడ వెలసిన రామకృష్ణ ఆశ్రమమును బట్టి ఆ పేరు వచ్చినది. ఒక వంక ఇసుక, ఒక వంక రోడ్డు, రోడ్డు పొడవునను తెలుగు కవుల, పెద్దల విగ్రహములు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయపు విద్యార్థులు పుస్తకముల సంచులతోనే వచ్చి కూర్చుందురు. ఓడల కార్ఖానాలో పొద్దంతా పనిచేసిన మనిషి చెప్పులు చేతబట్టుకొని నీటి అంచున నడచును. అరకు కొండల నుండి వచ్చిన కుటుంబము, శ్రీకాకుళము పల్లెల నుండి వచ్చిన కుటుంబము, ఒడిశా నుండి, బెంగాలు నుండి వచ్చిన యాత్రికులు, అందరును ఒకే వరుసలో నిలిచి ఒకే కెరటము కోసము ఎదురు చూచుచుందురు. కెరటము రాగానే అన్ని భాషలలోను ఒకే కేక. బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుచుండును. ముంత మసాలా కలుపువాని గరిట చప్పుడు, పీచుమిఠాయివాని గంట, చిన్న గుఱ్ఱము మీద పిల్లవాని నెక్కించి పట్టుకొని పరుగెత్తు తండ్రి.

ఆ జనసమ్మర్దములో నిలుచుండి నేను గమనించినది ఏమనగా, అక్కడ ఎవ్వరును ఎవ్వరిని టిక్కెట్టు అడుగలేదు. ఇసుకకు వెల లేదు, గాలికి వెల లేదు, కూర్చున్నందుకు వెల లేదు. ఒకప్పుడు ఇదే రోడ్డున జమీందారుల, రాజుల విడిది మేడలు వెలిసినవి. ఒడిశాలోని జయపురము మహారాజు రామచంద్రదేవు కట్టించిన హవామహలు నేటికిని సముద్రమునకు అభిముఖముగా నిలిచి ఉన్నది. రాజులు కోరి వచ్చి అనుభవించిన ఆ గాలినే ఈనాడు రోజుకూలి చేసికొను తల్లి తన బిడ్డను ఒళ్లో పెట్టుకొని అనుభవించుచున్నది. ఆ పట్టణమున నేను చూచిన వైభవములలో నాకు అన్నింటికన్న గొప్పగా తోచినది ఇది.

అక్కడనే మన వైపు నుండి వచ్చిన ఒక పెద్దాయన, పంచె మోకాళ్ల దాక ఎగగట్టి, నీళ్లలో నిలుచుండి, దోసిట పట్టిన నీటిని నోటికి తాకించి ఉమిసి, నా వైపు తిరిగి అన్నాడు: "ఇన్ని నీళ్లుండీ తాగేకి బొట్టు లేదంటే ఎట్లప్పా!"

ఆ మాటలోని వేదన అచ్చముగా మన సీమది. దానికి సమాధానము ఆ ఒడ్డున దొరకదు. విశాఖపట్నము వారు త్రాగు నీరు ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ వంటి జలాశయముల నుండి, దూరాన ఉన్న ఏలేరు నుండి కాలువ ద్వారా రావలెను. అనగా వాన కురియవలెను. కడలి ఒడ్డున ఉన్నవానికిని, కరువు సీమలో ఉన్నవానికిని దాహము తీర్చు తల్లి ఒక్కతే, ఆమె వాన. ఈ సంగతి ఇప్పటిది కాదు. దానికి రెండువేల ఏండ్ల నాటి సాక్ష్యము ఆ తీరముననే ఉన్నది; కొంచెము తాళి అక్కడికి మిమ్ములను తీసికొనిపోయెదను.

అంతకుముందు ఒక్క దూరదేశపు ముచ్చట. మధ్యధరా సముద్రము ఒడ్డున, ఫ్రాన్సు దేశమున, నీస్ అను పట్టణము కలదు. లోకములోని విహార పట్టణములలో మిక్కిలి పేరుపడినది. దాని ప్రాణమంతయు సముద్రము వెంట సాగు ఒక విశాలమైన నడక వీథి. దానికి ఆంగ్లేయుల వీథి అని పేరు. ఆ వీథి ఎట్లు పుట్టినదో వినండి. 1820 ప్రాంతమున, నీస్ ఇంకను సార్డీనియా రాజ్యములో ఉన్న దినములలో, చలికాలమున ఎండ కాచుకొనుటకు ఇంగ్లండు నుండి ధనవంతులు అక్కడికి వచ్చి విడిది చేయుచుండిరి. ఒక ఏట అసాధారణమైన మంచు కురిసి నారింజ తోటలు మాడిపోయినవి. తోటపని మీద బ్రతుకు కూలి జనము వీథిన పడినారు. అప్పుడు లూయిస్ వే అను ఆంగ్ల మతబోధకుడు తోటివారి వద్ద చందాలు పోగుచేసి, ఆకలిగొన్నవారికి పని కల్పించి, కూలి ఇచ్చి, సముద్రము వెంట ఒక బాట వేయించినాడు. అదియే ఆ వీథికి మొదలు. ఈనాడు లోకమంతయు పోయి షికారు చేయు ఆ వీథికి పునాది ఒక కరువు పని!

శ్రోతలారా, ఈ మాట మన సీమ వారికి అర్థమైనట్లు మరి యెవ్వరికిని అర్థము గాదు. 1876 మొదలు 1878 దాక సాగిన ధాత కరువులో మన తాతముత్తాతలు కరువు పనులకు పోయినవారే. రాళ్లు కొట్టినారు, రోడ్లు వేసినారు, చెరువు కట్టలకు మట్టి మోసినారు. ఒక దశలో ఆ పనివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా కూలిగా కట్టినారు. ఆ కూలితో మనిషి నిలువలేకపోయినాడు. మద్రాసు నగరములో అడయారును, కూవమును కలుపు బకింగ్‌హాము కాలువ భాగమును త్రవ్వినది కూడ ఆ కరువు కూలీలే. కనుక ఏ ఊరి సముద్రపు వీథిలోనైనను మనము నడచునపుడు, ఈ బాట వేసిన చేతులు ఎవరివి అని అడుగుట మనకు సహజము. అడుగవలసిన ప్రశ్నయే అది. 2021లో యునెస్కో వారు నీస్ పట్టణమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినారు. ఆ గౌరవములో ఆనాటి నారింజ తోటల కూలివానికిని పాలున్నదని నేను నమ్ముచున్నాను.

విశాఖలో ఆ ప్రశ్న అడిగి చూడండి. తెల్లవారుజామున రండి. అలివి వల లాగుచు రెండు వరుసల మనుష్యులు ఇసుకలో మడమలు గ్రుచ్చి వెనుకకు వంగి నిలిచి ఉందురు. వల రెండు కొనలును ఒడ్డుననే ఉండును; నడుమ భాగము దూరాన నీటిలో అర్ధచంద్రాకారముగా తేలుచుండును. గంటసేపు లాగినను ఒక్కొక్కప్పుడు బుట్టెడు చేపలు రావు. ఏప్రిలు 15 మొదలు జూను 14 దాక, చేప గ్రుడ్లు పెట్టు కాలమని, మరపడవలకు వేట నిషేధము; ఆ రెండు నెలలు ఆ పడవల మీద బ్రతుకు ఇండ్ల పరిస్థితి మన ఎండకారు వంటిదే. సాయంకాలము మనకు వేడుకగా కనబడిన ఆ నీరు, తెల్లవారేసరికి వారికి చేను. వాన లేని ఏడు మనమెట్లు ఆకాశము వైపు చూతుమో, వారట్లు నీటి రంగు వైపు చూతురు.

ఆ ఇసుక కూడ ఊరకే పడి ఉన్నది కాదు. ఇది వినుటకు వింతగా ఉండును గాని నిజము. మన తూర్పు తీరమున నైరుతి ఋతుపవనముల కాలములో అలలు ఇసుకను దక్షిణము నుండి ఉత్తరమునకు నడిపించుకొని పోవును. 1933లో, డాల్ఫిన్స్ నోస్ అని పిలుచు కొండ చాటున, బురద నేలను త్రవ్వి విశాఖ ఓడరేవును తెరచినారు. అలల తాకిడి ఆపుటకు రెండు పాత ఓడలను కావలెనని ముంచి, వాని ఆధారముగా రాతి అడ్డుకట్ట వేసినారు. రేవు వచ్చినది, ఊరు పెరిగినది, 1948లో అక్కడి కార్ఖానాలో కట్టిన జల ఉష అను ఓడను నెహ్రూగారు నీటిలోనికి దింపినారు. కాని రేవు ముఖద్వారమున ఇసుక ఆగిపోగా ఉత్తరమున ఉన్న ఒడ్డును సముద్రము కోయసాగినది. అందుచేత రేవు వద్ద త్రవ్విన ఇసుకను తెచ్చి బీచి ఒడ్డున పోయుచు వచ్చినారు. పిల్లలు పిచ్చుకగూళ్లు కట్టు ఆ ఇసుకలో కొంత మనుష్యులు యంత్రములతో మోసి తెచ్చి పోసినది. మరల చెప్పుచున్నాను: ఒడ్డు దానంతట అది నిలువదు. నిలబెట్టువారు ఉండవలెను.

2014 అక్టోబరు 12వ నాడు హుద్‌హుద్ తుపాను ఆ పట్టణము మీదనే తీరము దాటినది. చెట్లెన్నియో కూలినవి, కొండలు పచ్చదనము పోయి బోడులైనవి, సముద్రపు వీథి పగిలినది, దినముల తరబడి దీపము లేదు, నీరు లేదు. ఆ పట్టణమును ఈనాడు చూచినవానికి ఆ సంగతి చెప్పనిదే తెలియదు. కూలిన చెట్లను కోసి తీసినవారు, తీగలు మరల కట్టిన విద్యుత్తు పనివారు, ఇసుకను రోడ్డు మీద నుండి ఎత్తిన పారిశుద్ధ్య పనివారు, వారి పేర్లు ఏ విగ్రహము క్రిందను లేవు. ఉండవలెనని నా కోరిక.

మన గుంతకల్లు పిల్లలకు మిక్కిలి నచ్చునది ఒకటి అదే ఒడ్డున ఉన్నది. కుర్సురా అను జలాంతర్గామి. 1969లో నౌకాదళములో చేరి, 2001లో విరమించిన ఆ నౌకను ఒడ్డు మీదికి లాగి ప్రదర్శనశాలగా మార్చినారు. చూచుటకు ఎంతో పొడవైనది. లోపల మాత్రము ఇద్దరు ఎదురుపడినచో ఒకరు ప్రక్కకు ఒదగవలెను. డీజిలు ఇంజన్ల చప్పుడు వినుచు, లోకో షెడ్డు మాటలు వినుచు పెరిగిన మన పిల్లలు ఆ ఇంజను గదిలో నిలుచుండి అడుగు ప్రశ్నలకు అక్కడి పాత నావికులు ముచ్చటపడి సమాధానము చెప్పుదురు. ఊపిరి సలుపని ఆ సందులో దినముల తరబడి నీటి క్రింద మెలగిన మనుష్యులు ఉన్నారని తెలిసిన తరువాత, బయటకు వచ్చి చూచిన సముద్రము మునుపటి సముద్రము వలె ఉండదు.

ఇక ఇందాక మాట ఇచ్చిన చోటికి పోదము. విశాఖ నుండి భీమునిపట్నమునకు సముద్రము ప్రక్కనే పోవు దారి ఒకటి కలదు. ఎడమ ప్రక్క కొండలు, కుడి ప్రక్క నీరు. ఆ దారిలో మంగమారిపేట వద్ద తొట్లకొండ. కొండ మీద బౌద్ధ భిక్షువుల విహారము, స్తూపము, చైత్యగృహముల పునాదులు ఉన్నవి. 1976లో నౌకాదళము వారి సర్వేలో ఆ శిథిలములు బయటపడగా, తరువాతి సంవత్సరములలో పురావస్తుశాఖ వారు త్రవ్వి చూపినారు. కొండకు ఆ పేరెందుకు వచ్చినదనగా, భిక్షువులు అక్కడి రాతిని తొట్లుగా తొలిచి, అందులో వాన నీరు నిలువచేసికొన్నారు. కన్నెత్తి చూచినచో ఎదుట మహాసముద్రము. దాహమునకు మాత్రము రాతిలో తొలిచిన తొట్టి, ఆ తొట్టిలో ఆకాశము నుండి రాలిన నీరు. బీచిలో ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నను ఈ భిక్షువులును అడిగియుందురు. అడిగి ఊరకుండక, ఉలి పట్టినారు. మన సీమలో కుంటలు త్రవ్విన, చెరువులు కట్టిన పూర్వులును చేసినది అదే. ఆ తొట్ల ప్రక్కన నిలుచున్నప్పుడు నాకు పరాయి ఊరిలో ఉన్నట్లు తోచలేదు.

ఆ త్రవ్వకములలో శాతవాహనుల నాణెములతో పాటు రోమనుల వెండి నాణెములు కూడ దొరకినవి. మధ్యధరా తీరపు సామ్రాజ్యమున ముద్ర వేసిన వెండి, ఓడలెక్కి, ఎన్నో చేతులు మారి, మన తెలుగు కొండ మీది విహారములోనికి వచ్చి చేరినది. ఇందాక నేను చెప్పిన నీస్ పట్టణపు సముద్రము, ఈ కొండ క్రింది సముద్రము ఒకదానికొకటి కొత్తవి కావు. వాని పరిచయము రెండువేల ఏండ్ల నాటిది.

అక్కడి నుండి ముందుకు పోగా భీమిలికి ఈవల ఎర్రమట్టి దిబ్బలు వచ్చును. సముద్రము ప్రక్కన మన నేల రంగు! గాలి, నీరు వేల ఏండ్లు పనిచేసి పోసి, కోసి విడిచిన ఎర్రని ఇసుక గుట్టలవి. ఆపైన భీమునిపట్నము. గోస్తనీ నది సముద్రములో కలియు చోటు; డచ్చివారి సమాధులు, పాత దీపస్తంభము, 1861లోనే పురపాలక సంఘము ఏర్పడిన చిన్న, మర్యాదగల ఊరు. విశాఖ సందడిని ఇష్టపడనివారు ఒక పూట అక్కడ గడుపుట మంచిది.

ఇప్పుడు పోదలచిన వారికి నాలుగు మాటలు. వేసవి సెలవులలోనే పోవలెనని పట్టుపట్టకండి. డిసెంబరు, జనవరి నెలలలో ఉక్క తగ్గి గాలి హాయిగా ఉండును. సముద్రము మన చెరువు కాదు. విశాఖ ఒడ్డున నేల ఒక్కసారిగా లోతుకు జారును. వెనుకకు పోవు అల కాళ్ల క్రింది ఇసుకను లాగివేయును, ఈత వచ్చినవానిని కూడ లోనికి గుంజుకొనిపోవును. అంచున నిలిచి పాదములు తడుపుకొనుటలో ఆనందమేమియు తగ్గదు. ఎర్రజెండా ఉన్నచోట, కావలివాడు వద్దన్నచోట, పిల్లల చేయి విడువకండి. ఈ మాట కూడ రెండుసార్లు చెప్పుచున్నాను: పిల్లల చేయి విడువకండి. మీరు తిన్న పొత్తు, త్రాగిన సీసా ఇసుకలో విడువకండి; ఆ ఇసుకను మోసి తెచ్చినవారు ఉన్నారని మీకిప్పుడు తెలిసినది.

విశాఖపట్నము కేంద్రముగా దక్షిణ కోస్తా రైల్వేను 2019లో ప్రకటించినప్పుడు మన గుంతకల్లు డివిజనును అందులోనే చేర్చినారు. కాగితము మీద ఈ రెండు ఊళ్లు దగ్గరైనవి. మనుష్యులు కూడ దగ్గర కావలెను. మన బళ్లలో చదువుచు, సముద్రమును పటములో నీలి రంగుగా మాత్రమే ఎరిగిన పిల్లలు ఎందరో ఉన్నారు. ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, రైల్వే సోదరులకు నా మనవి ఇది: ఈ చలికాలములో వారిని ఒకసారి తీసికొనిపొండు. సాయంకాలము బీచిలో అందరితో పాటు కూర్చోబెట్టండి. మరునాడు ఉదయము తొట్లకొండ ఎక్కించి, ఆ రాతి తొట్లను చూపించి, తిరిగి రండి.